డూమ్ 2 మ్యాప్: తలుపు తెరుచుకోదు, లిఫ్ట్ దిగితే గోడ మాయం, క్లోజెట్‌లో ఇంప్‌లు కదలవు

ప్రశ్న
అల్టిమేట్ డూమ్ బిల్డర్ అనే మ్యాప్ ఎడిటర్‌లో డూమ్ 2 షూటింగ్ ఆటకి మ్యాప్ కడుతున్నాను. మ్యాప్ పాత డూమ్ ఫార్మాటే, కొత్తదైన యూడీఎంఎఫ్ కాదు. మూడు చోట్ల ఆగిపోయింది. ఒకటి, తలుపుకి యాక్షన్ 1 (నొక్కితే తలుపు తెరిచే ఆదేశం) పెట్టాను, ఎంత నొక్కినా తెరుచుకోదు. రెండోది, లిఫ్ట్ కిందికి దిగగానే దాని వెనక గోడ ఉండాల్సిన చోట బొమ్మలు సాగిపోయి గజిబిజిగా కనిపిస్తున్నాయి. మూడోది, మాన్‌స్టర్ క్లోజెట్, అంటే రాక్షసుల్ని దాచిన చిన్న గది, తెరుచుకుంటోంది గానీ లోపలి ఇంప్‌లు (నిప్పులు విసిరే రాక్షసులు) గోడకేసి చూస్తూ నిలబడే ఉంటున్నాయి. చెప్పగలరా?

జవాబు
ముందు తలుపు సంగతి. ఎడిటర్‌లో ప్రతి లైన్ మధ్యలో చిన్న గీత పొడుచుకొని ఉంటుంది, అది ఉన్న వైపే లైన్‌కి ముందు వైపు. యాక్షన్ 1 తెరిచేది లైన్ వెనక వైపున్న సెక్టర్‌ని, అంటే ఒకే నేల ఎత్తు, ఒకే సీలింగ్ ఎత్తు ఉన్న ప్రాంతాన్ని. పైగా ఆటగాడు ముందు వైపు నుంచి నొక్కితేనే పని చేస్తుంది. కాబట్టి తలుపుకి రెండు వైపులా ఉన్న లైన్ల చిన్న గీతలు బయటికి, అంటే గదుల వైపుకి చూడాలి. లోపలికి చూస్తుంటే లైన్ ఎంచుకొని ఎఫ్ కొట్టండి, తిరిగిపోతుంది. ఈ రకం తలుపుకి ట్యాగ్ (లైన్‌నీ సెక్టర్‌నీ కలిపే నంబరు) అక్కర్లేదు. వెనక సెక్టర్ లేని ఒంటి గోడకి మాత్రం పొరపాటున కూడా యాక్షన్ 1 పెట్టకండి, పాత ఇంజిన్‌లో ఆట కూలిపోతుంది.

తలుపు సెక్టర్‌లో సీలింగ్ ఎత్తు, నేల ఎత్తు ఒకటే ఉండాలి. బయటి వైపు అప్పర్ టెక్స్చర్‌లో, అంటే లైన్ పై భాగపు గోడ బొమ్మగా, తలుపు బొమ్మ పెట్టండి. తలుపు బొమ్మల్లో బిగ్‌డోర్2 కొలత 128 × 128, డోర్3 కొలత 64 × 72. డోర్3ని 128 ఎత్తు తలుపుకి అతికిస్తే అడ్డదిడ్డమైన రంగులు వస్తాయి. పక్క గోడలకి డోర్‌ట్రాక్ (పట్టాల బొమ్మ) వేసి, బొమ్మని కదలకుండా ఉంచే లోయర్ అన్‌పెగ్డ్ టిక్ చేయండి. లేకపోతే తలుపుతో పాటు పట్టాలు కూడా పైకి పోతాయి, చూడ్డానికి నవ్వొస్తుంది.

ఇంకొకరి జవాబు
పైన చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక, పక్కనున్న సెక్టర్లలో అన్నిటికంటే కిందున్న సీలింగ్‌కి 4 యూనిట్ల దిగువన ఆగుతుంది. ఆటగాడి ఎత్తు 56. తలుపు ముందు అందం కోసం కిందికి దించిన దూలమో, లైటు పట్టీయో తలుపుని తాకుతూ ఉండి, దాని సీలింగ్ నేల నుంచి 60 కంటే తక్కువైతే, తలుపు తెరుచుకున్నట్టే కనిపిస్తుంది గానీ మనిషి దూరడు. ఆ లైటు పట్టీని తలుపుకి ఆనకుండా కాస్త ఎడంగా జరపండి.

దూరంగా స్విచ్ నొక్కి తలుపు తెరిపించాలంటే యాక్షన్ 103, దానికి ట్యాగ్ తప్పనిసరి. ట్యాగ్ 0 వదిలేస్తే పాత ఇంజిన్ ట్యాగ్ లేని సెక్టర్లన్నిటినీ తలుపులనుకొని కదిలిస్తుంది. మ్యాప్ మొత్తం పైకి లేచినట్టు కనిపిస్తే అనుమానించాల్సింది ముందు దాన్నే.

లిఫ్ట్ గురించి
యాక్షన్ 62 పెట్టి, లైన్ ట్యాగ్, లిఫ్ట్ సెక్టర్ ట్యాగ్ ఒకటే చేశారనుకుంటున్నా. లిఫ్ట్ పక్కనున్న సెక్టర్లలో అన్నిటికంటే కింది నేలదాకా దిగి, 3 సెకన్లు ఆగి మళ్ళీ పైకొస్తుంది. మీరు చూస్తున్నది హాల్ ఆఫ్ మిర్రర్స్, అంటే గోడకి బొమ్మ లేని చోట వచ్చే గజిబిజి. పై అంతస్తుకీ లిఫ్ట్‌కీ మధ్యనున్న లైన్‌కి, లిఫ్ట్ వైపు చూసే సైడ్‌లో లోయర్ టెక్స్చర్ లేదు. లిఫ్ట్ పైనున్నప్పుడు రెండు నేలలూ సమానం కాబట్టి అది కనిపించదు, ఎడిటర్ కూడా లోపమని చెప్పకపోవచ్చు. దిగిన స్థితిని ఊహించుకొని ప్రతి వైపూ నింపాలి. సులువు దారి: లిఫ్ట్ నేలని తాత్కాలికంగా దించి, ఖాళీలన్నీ నింపి, మళ్ళీ పాత ఎత్తుకి తెచ్చేయండి.

పైనున్న ఆటగాడు లిఫ్ట్ మీదికి నడవగానే అది దిగాలంటే ఆ అంచు లైన్‌కి 88 పెట్టండి.

క్లోజెట్ సంగతి
ఇంప్ మేలుకోవాలంటే ఆటగాణ్ణి చూడాలి, లేదా తుపాకీ శబ్దం దాని సెక్టర్‌కి చేరాలి. చూపు ముందువైపు సగానికే పరిమితం. పూర్తిగా మూసిన తలుపు, అంటే నేల సీలింగ్ కలిసిపోయిన సెక్టర్, శబ్దాన్ని దాటనివ్వదు. మీ ఇంప్‌లు వినలేదు, వెనక్కి తిరిగి ఉన్నాయి కాబట్టి చూడలేదు కూడా.

ముందు బయట పెద్ద గది సెక్టర్‌నీ, తర్వాత క్లోజెట్ సెక్టర్‌నీ ఎంచుకొని జాయిన్ చేయండి. మెర్జ్ కాదు, జాయిన్. మెర్జ్ చేస్తే మధ్య గీతలు పోతాయి. జాయిన్ అయ్యాక రెండూ ఆట దృష్టిలో ఒకటే సెక్టర్, పెద్ద గదిలో పేల్చిన తూటా క్లోజెట్‌లోనూ వినిపిస్తుంది. నేల, సీలింగ్, వెలుతురు పెద్ద గదివే వస్తాయి. ఆ గదికి విషపు నేల ప్రభావం ఉంటే క్లోజెట్‌కీ అంటుకుంటుంది. దాడి మొదలవ్వాల్సింది తలుపు తెరుచుకున్నాక కాబట్టి అప్పటిదాకా ఆటగాడు ఎక్కడో ఓ చోట పేలుస్తాడనుకోవచ్చు. అయినా ఇంప్‌లను తలుపు వైపుకి తిప్పిపెట్టండి.

ఇంప్‌లకి ఎడిటర్‌లో అంబుష్ (పొంచి ఉండే) గుర్తు పెడితే శబ్దం విన్నా కంటికి కనిపించేదాకా కదలవు. రాక్షసుల్ని మరోచోటికి టెలిపోర్ట్ చేసి పంపే క్లోజెట్‌కి అది పెట్టారంటే ఎవ్వరూ రారు. ఆ రకానికి లైన్‌లో యాక్షన్ 126 (రాక్షసుల్నే ఎన్నిసార్లయినా పంపేది) వాడండి. 125 ఒక్కసారికే పనిచేస్తుంది, మొదటి రాక్షసుడు దాటే ప్రయత్నం చేయగానే దాని పని అయిపోతుంది. గమ్యస్థానంలో ఎవరైనా నిలబడి ఉంటే ఆ రాక్షసుడు వెళ్ళలేడు కూడా.

ప్రశ్న వేసినవారు
తలుపు, లిఫ్ట్ కుదిరాయి. ఇంప్‌లు మేలుకున్నాయి గానీ ఆరింటిలో రెండు కదలడం లేదు, అక్కడి నుంచే నిప్పులు విసురుతున్నాయి. ఇంకోటి, పాత ఇంజిన్‌లాగే ఆటని నడిపే చాకొలెట్ డూమ్ పోర్టులో పెద్ద హాలు వైపు చూడగానే విస్‌ప్లేన్ల గురించి ఏదో చెప్పి ఆట ఆగిపోయింది. డీఎస్‌డీఏ అనే కొత్త పోర్టులో బాగానే ఆడుతోంది.

జవాబు
కదలనివి ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. ఇంప్ వెడల్పు 40. రెండిటి మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 40 కంటే తగ్గితే ఒకదానికొకటి అడ్డం. గోడకి కేంద్రం నుంచి 20 కంటే దగ్గరగా పెట్టినా అంతే. వేరే రాక్షసుల్లో పింకీకి వెడల్పు 60, మాంక్యుబస్‌కి 96, అరాక్నోట్రాన్‌కి 128. గ్రిడ్ 64కి పెట్టి గడికొకటి చొప్పున ఉంచితే ఇంప్‌లకీ పింకీలకీ చాలు, మాంక్యుబస్‌కి చాలదు. వాటి దారిలో మెట్టు 24 దాటకూడదని కూడా చూడండి.

విస్‌ప్లేన్లు: పాత ఇంజిన్‌లో ఒక్కసారి కనిపించే నేల, సీలింగ్ ముక్కలకి పరిమితి 128. చాకొలెట్ డూమ్ ఆ పరిమితిని అలాగే ఉంచుతుంది, కొత్త పోర్టులు ఎత్తేశాయి. ఒకే ఎత్తు, ఒకే బొమ్మ, ఒకే వెలుతురున్న ముక్కలు చాలాసార్లు కలిసిపోతాయి. అందుకే హాలులో ప్రతి అంగుళానికీ వెలుతురు మార్చితే లెక్క ఇట్టే పెరుగుతుంది. వెలుతురుని 16 చొప్పున మార్చండి, అంతకంటే సన్నగా మార్చినా కంటికి తేడా తెలియదు. ఆకాశమున్న సీలింగ్‌లకి ఎత్తు వేరైనా తేడా లెక్కపెట్టదు, హాలు పైకప్పులో కొంత ఆకాశంగా మార్చినా ఊరట. ఇంకా దాటుతుంటే హాలు మధ్యలో నేల నుంచి కప్పుదాకా లావాటి స్తంభం ఒకటి వేయండి, వెనక భాగం కనిపించకుండా పోతుంది.

అన్నట్టు, మీ హాలులో ఇంప్‌ల తర్వాత హెల్ నైట్ అనే బలమైన రాక్షసుడు ఉంటే ఒక లెక్క చూడండి. దానికి 500 ప్రాణం. షాట్‌గన్ గుండ్లన్నీ తగిలితే సగటున 70 దెబ్బ, అంటే ఎనిమిది తూటాలు. సగం గుండ్లు గోడకి పోతాయి కాబట్టి అక్కడ కనీసం నాలుగు తూటాల చిన్న ప్యాక్‌లు నాలుగు పెట్టి, పిస్టల్‌తో మొదలెట్టి ఒకసారి ఆడి చూడండి.