నాన్న పోయి ఐదు రోజులు: పదో రోజు తంతు అమ్మకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

పారిజాతం

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న పోయి ఈ రోజుకి ఐదు రోజులు. ఇంటినిండా జనం.

తమ్ముడు డాలస్ నుంచి మూడో రోజుకి అందుకున్నాడు. వాడి మాట ఇది: "వచ్చిన ప్రతివాళ్లూ ఎలా జరిగింది, ఎలా జరిగింది అని అడిగి అమ్మను మళ్లీ మళ్లీ ఏడిపిస్తున్నారు. కర్మ పేరుకి కానిచ్చి హైదరాబాద్ తీసుకెళ్లి మంచి కౌన్సెలర్‌కి చూపిద్దాం." పెదనాన్న మాట వేరు. అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి, పదో రోజు గాజులు, బొట్టు తీయడం కూడా.

అమ్మ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. నాన్న బీపీ మాత్రలకి వారానికి ఏడు గళ్లున్న డబ్బా ఒకటుంది. ఆదివారం రాత్రి అమ్మే నింపేది. గురువారం గడి నుంచి మాత్రలు అలాగే ఉన్నాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది.

ఈ తంతు మనిషిని నిలబెడుతుందా, ఇంకా కుంగదీస్తుందా? దగ్గరుండి చూసినవాళ్లు, పడ్డవాళ్లు చెప్పండి.

మానేరు ఒడ్డు

అక్కా, మీ తమ్ముడి మాట వినకండి. నేనూ అక్కడే టెక్సాస్‌లో ఉంటాను.

2020 ఏప్రిల్‌లో మా బాపు కరీంనగర్‌లో పోయారు. కరోనా కాదు, గుండె. అప్పటికే విమానాలు ఆగిపోయాయి. ఫోన్లో వీడియో కాల్‌లో చూశాను. పాడె మోయడానికి మనుషులు చాలక మున్సిపాలిటీ వాళ్లు ఒక చెయ్యి వేశారు. మా కంపెనీ మూడు రోజులు సెలవిచ్చింది. నాలుగో రోజు లాగిన్ అయ్యాను. బాగానే ఉన్నాననుకున్నాను. నిద్ర లేదు, ఊరికే చిరాకు, పిల్లల మీద అరవడం. ఇది బాపు గురించే అని నాకే తెలియలేదు.

2022లో ఊరికి వచ్చాను. గేటు తీయగానే పక్కింటి పెద్దమ్మ నన్ను పట్టుకుని శోకం తీసింది. బాపు చివరి వారం ఏం తిన్నారు, నా గురించి ఏం అడిగారు, ఫోన్ రాకపోతే ఎన్నిసార్లు వాకిట్లోకి వచ్చి చూశారు, అన్నీ ఆ శోకంలోనే చెప్పింది. రెండేళ్లుగా నాకు ఎవరూ చెప్పని సంగతులు అవి. ఆ రోజు గంటసేపు ఏడ్చాను. ఆ రాత్రి నిద్రపట్టింది.

మా దిక్కు మనాది అనే మాటుంది, మీ వైపు బెంగ అంటారు కదా. మనాది పడ్డ మనిషిని ఒక్కరినీ వదలొద్దంటారు. పదకొండు రోజులు ఎవరో ఒకరు పక్కన పడుకుంటారు, ముద్ద కలిపి నోట్లో పెడతారు, ఆ తర్వాత చుట్టాలు నిద్రకు తీసుకుపోతారు. ఇవన్నీ దక్కకపోతే ఏమవుతుందో నన్ను చూస్తే తెలుస్తుంది. జనాన్ని పంపించేయకండి.

మల్లెపందిరి

పైన రాసిన మానేరు ఒడ్డు తమ్ముడి బాధ నాకు అర్థమైంది. కానీ అతను కొడుకు. కొడుకుకి పదో రోజు ఒకటి, భార్యకి ఒకటి.

నాకు 34 ఏళ్లప్పుడు మా ఆయన పోయారు. తొమ్మిది రోజులు నన్ను ఒళ్లో పడుకోబెట్టుకున్న ఆడవాళ్లే పదో రోజు తెల్లవారుజామున చెరువు గట్టుకి తీసుకెళ్లారు. అంతకుముందే పెళ్లికూతురికి చేసినట్టు పసుపు రాసి, తలనిండా పూలు పెట్టి, చేతులనిండా ఎర్ర గాజులు వేశారు. గట్టు మీద ఒక రాయి. నా మణికట్టు దాని మీద పెట్టి కొట్టారు. ఎడమ చేతి మీద గాటు పడింది. ఆయన పోయిన రోజు సంగతులు నాకు సగం గుర్తులేవు. ఆ గాజుల చప్పుడు మాత్రం 19 ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది.

తర్వాత మా చెల్లెలి కొడుకు పెళ్లిలో మంగళస్నానం దగ్గర నన్ను పక్కన నిలబెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు, నా చేతిలో పసుపు గిన్నె పెట్టలేదంతే. చావు నుంచి తేరుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. దీని నుంచి ఇంకా తేరుకోలేదు.

కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. 2022 మేలో మహారాష్ట్రలో హేర్వాడ్ అనే గ్రామ పంచాయతీ గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం వద్దని తీర్మానం చేసింది. అక్కడి ప్రభుత్వం మిగతా ఊళ్లనూ ఆ దారిలో నడవమంది. పారిజాతం గారూ, మీరు ఆపగలిగితే ఆ ఒక్కటీ ఆపండి.

గోదారి శాస్త్రి

అమ్మా, మీకు జరిగినదానికి నాకు నిజంగా బాధగా ఉంది. రాయి మీద చేతులు పెట్టి కొట్టడం ఏ పద్ధతిలోనూ సమర్థించను. అయితే కర్మలో మనకి నచ్చినవి ఉంచుకుని, నచ్చనివి తీసేస్తూ పోతే ఆ నమ్మకం నిలుస్తుందా? పిండం కాకి ముట్టిందంటే పోయినవాడు తృప్తి పడ్డాడని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. పద్ధతంతా సరిగ్గా జరిగిందన్న నమ్మకంలోంచే ఆ ఊరట వస్తుంది. రేపు ఇంట్లో ఏ కష్టం వచ్చినా, ఆ రోజు అది చేయలేదు కదా అని ఆవిడే తనను తాను తిట్టుకుంటే ఎవరు ఓదారుస్తారు?

మల్లెపందిరి

ఆవిడ అలా అనుకుంటుందని మీరెందుకు అనుకోవాలి శాస్త్రి గారూ? ఆవిడనే అడగండి. నన్నెవరూ అడగలేదు.

సైకియాట్రీ పీజీ

నేను ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యం పీజీ చేస్తున్నాను. కౌన్సెలర్ మాట వచ్చింది కాబట్టి రెండు సంగతులు.

ఐదో రోజు ఏడుపు జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక 2022 జనవరి నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది. అందులో "దీర్ఘకాల శోకం" అని ఒక జబ్బు చేర్చారు. అది అనాలంటే కనీసం ఆరు నెలలు దాటాలి, పైగా ఆ మనిషి సంస్కృతిలో, మతంలో మామూలుగా ఉండే దుఃఖం కన్నా స్పష్టంగా ఎక్కువై ఉండాలి. అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల పుస్తకం పెద్దవాళ్లకి ఏడాది గడువు పెట్టింది. ఆ మాట చదివినప్పుడు నాకు మన నెలమాసికాలు, సంవత్సరీకం గుర్తొచ్చాయి.

రెండోది, ఆత్మీయులు పోయిన ప్రతి ఒక్కరికీ పనిగట్టుకుని కౌన్సెలింగ్ ఇవ్వక్కర్లేదని 2013లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో చెప్పింది. వేరే మానసిక జబ్బు లేనివాళ్లకి దుఃఖం తగ్గడానికని నిద్రమాత్రల రకం మందులు ఇవ్వొద్దని కూడా. మన ఊళ్లలో చావింట్లో అవి ఇచ్చేయడం మామూలైపోయింది, దయచేసి ఆ పని చేయకండి.

అయితే మానేరు ఒడ్డు గారి మాటకీ ఒక హద్దుంది. అమ్మ రోజుల తరబడి తినకపోయినా, ఆయన దగ్గరికే పోతాను అన్నా, తంతు అయ్యేదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. గాజుల విషయంలో మాత్రం నేను మల్లెపందిరి గారి వైపే. మా ఓపీలో ఈ కథ చాలాసార్లు విన్నాను.

పారిజాతం

అందరికీ నమస్కారం. రాయడానికి వారం పట్టింది.

మీరు రాసినవన్నీ ఎనిమిదో రోజు రాత్రి అమ్మకు చదివి వినిపించాను. మల్లెపందిరి గారిది రెండుసార్లు చదవమంది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి, "మీ నాన్న గురించి ఎవరూ అడక్కపోతే నాకేం తోస్తుందిరా, రానీ" అంది. పెదనాన్న గదిలోకి వచ్చినప్పుడు లేచి నిలబడి చెప్పింది: "గాజులు నేనే తీసుకుంటాను బావగారూ. బొట్టు ఆయన రాకముందు నుంచీ ఉంది, అది ఉంటుంది."

పదో రోజు పొద్దున నూతి దగ్గర స్నానానికి ముందు ఒక్కొక్కటే తీసి నాన్న కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. గొలుసు మాత్రం తీయలేదు. పెదనాన్న పందిట్లో చివరిదాకా కూర్చున్నారు, భోజనం చేయకుండా వెళ్లిపోయారు. ఆ బాధ ఇంట్లో ఉంది, లేదని చెప్పను. తమ్ముడు మాత్రం నాన్నకు పిండం పెట్టి వచ్చి, అమ్మ పక్కన పడుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మాత్రల డబ్బా ఇంకా గూట్లోనే ఉంది. ఎవరూ ముట్టుకోవద్దంది. నిన్న పిన్ని వాళ్లు రేపల్లె నుంచి వచ్చి నిద్రకు తీసుకెళ్లారు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, గేదెకి కుడితి పెట్టారా అని అడిగింది.