ప్లేసు పందెం పద్ధతిగా ఆడితే మిగులుతుందా, మిగలదా?

మూర్తి_మలక్‌పేట

మన హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేల్లో జాక్‌పాట్ (వరస రేసుల విజేతలందర్నీ చెప్పే పందెం) కోసం ఎగబడేవాళ్లు, ప్రతి రేసులో విన్ మీద, అంటే గుర్రం మొదట వస్తేనే డబ్బులొచ్చే పందెం మీద కాసేవాళ్లు మునిగిపోతారు, అందులో వాదన లేదు. కానీ ప్లేసు ఒక్కటే, అదీ పద్ధతిగా ఆడితే మిగులుతుందని నేనంటాను. గుర్రం మొదట రానక్కర్లేదు, మొదటి మూడింట్లో ఉంటే చాలు కదా. నేను చేసేదిది. రోజుకి మూడు పందేలు దాటను. ప్రతిదీ 200, పెంచేది లేదు, తగ్గించేది లేదు. కనీసం ఎనిమిది గుర్రాలున్న రేసే చూస్తా. మొదటిసారి పరిగెత్తే గుర్రం జోలికి పోను. ఆ దూరం అంతకుముందు పరిగెత్తి ఉండాలి, హ్యాండీక్యాప్‌లో (మంచి గుర్రానికి ఎక్కువ బరువు మోయించే రేసు) బరువు మరీ పెరిగి ఉండకూడదు. బోర్డు మీద ప్లేసు డివిడెండ్, అంటే గుర్రం వస్తే తిరిగొచ్చేది, పది రూపాయలకి 14 కంటే తక్కువ చూపిస్తుంటే ఎంత గట్టి ఫేవరెట్ అయినా వదిలేస్తా. పోయినదాన్ని తర్వాతి రేసులో రాబట్టుకోవాలని డబుల్ చేయడం నా రక్తంలోనే లేదు.

పోయిన వానాకాలం, చలికాలం సీజన్లు కలిపి నోట్‌బుక్‌లో 112 పందేలున్నాయి. 71 వచ్చాయి. వచ్చినవాటి సగటు డివిడెండ్ పదికి 16.20. పెట్టింది 22,400, తిరిగొచ్చింది 23,004. గుర్రప్పందెం అనగానే కొంప కూలినట్టు మాట్లాడేవాళ్లు ఈ లెక్క చూసి మాట్లాడండి.

ఎల్బీనగర్_చిన్నా

సార్ ఆదివారం ఏదైనా ఉంటే చెప్పండి 🙏

లెక్కల_పుల్లయ్య

మూర్తి గారూ, లెక్క చూశాను. రెండు సీజన్లకి మిగిలింది 604 రూపాయలు. ఇందులో గేటు టికెట్, రేసు బుక్, పెట్రోలు, ఇరానీ చాయ్ ఉన్నాయా? అడగడం ఎందుకులెండి, ఉండవు.

అది పక్కన పెడదాం. మీకు ఒక్కో గుర్రం వస్తే 324 వస్తోంది. 71 బదులు 69 వచ్చి ఉంటే 22,356. అంటే నష్టం. ఏడాది మొత్తంలో రెండు గుర్రాలు ముక్కు తేడాతో నాలుగో స్థానంలోకి పోతే మీ పద్ధతి ఫెయిలు, పోలేదు కాబట్టి పాసు. దీన్ని పద్ధతి అంటారా, అదృష్టం అంటారా?

ప్లేసులో తిరకాసు ఇంకోటుంది. పదికి 13 ఇచ్చే గుర్రం మీద నష్టం లేకుండా ఉండాలంటే వందకి 77 సార్లు రావాలి. 14 అయితే 71 సార్లు పైన. మీ సగటు 16.20కి కూడా 62 దాకా కావాలి, మీకొచ్చింది 63. పదిలో ఆరు సార్లు గెలుస్తుంటే మనిషికి తాను నెగ్గుతున్నట్టే ఉంటుంది. ప్లేసు పందెంలో ప్రమాదం అదే.

మూర్తి_మలక్‌పేట

రెండు తగ్గితే అంటున్నారు. నాకు రెండు కాదు, ఐదు గుర్రాలు షార్ట్ హెడ్‌తో (తల కంటే తక్కువ తేడా) పోయాయి. అందులో రెండు వచ్చి ఉంటే 1,252 మిగిలేది. అటువైపు ఎందుకు చూడరు? మీకు ఓడిపోవడమే కనిపిస్తుంది.

సత్యం_వైజాగ్

చిన్న డౌట్. ఎనిమిది గుర్రాలు ఉండాలి అన్నారు. టికెట్ తీసుకున్నాక ఒకటి విత్‌డ్రా అయి ఏడే పరిగెడితే? అప్పుడు మూడో ప్లేసు ఉంటుందా?

లెస్టర్_రఘు

సత్యం గారు అడిగింది మంచి ప్రశ్న. ఇక్కడ ఇంగ్లండులో ఈచ్ వే ఆడతాం, అంటే సగం విన్ మీద, సగం ప్లేసు మీద. మామూలు నిబంధనల్లో 5 నుంచి 7 గుర్రాలుంటే రెండు ప్లేసులు, విన్ రేటులో నాలుగో వంతు. 8, ఆపైన ఉంటే మూడు ప్లేసులు, ఐదో వంతు. 16, ఆపైన ఉన్న హ్యాండీక్యాప్ అయితే నాలుగు ప్లేసులు. ఎనిమిదిలో ఒకటి చివర్లో తప్పుకుంటే మూడో ప్లేసు గోవిందా. అందుకే సరిగ్గా ఎనిమిదే ఉన్న రేసంటే అందరికీ గుబులు.

కానీ మూర్తి గారూ, ఒక తేడా ఉంది. ఇక్కడ బుకీ దగ్గర రేటు నేను కాసినప్పుడే ఖాయం. మలక్‌పేటలో టోట్ కదా, అందరి డబ్బు ఒక కుప్పలో పోసి కోత పోగా మిగిలింది పంచుతారు. గేట్లు తెరుచుకునేదాకా డబ్బు పడుతూనే ఉంటుంది. మీరు 14 చూసి టికెట్ కొంటే రేసయ్యాక అది 12 కావచ్చు. మరి 14 కంటే తక్కువైతే ఆడను అనే నియమం మీ చేతుల్లో ఎక్కడుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇక్కడ ఈచ్ వేలో నిజంగా మిగుల్చుకునేవాళ్లు లేకపోలేదు. వాళ్ల ఖాతాల్లో పందెం పరిమితిని బుకీలు రెండు పౌండ్లకి దించేస్తారు. నాకు ఆ గౌరవం ఇంకా దక్కలేదు.

మూర్తి_మలక్‌పేట

చివరి రెండు నిమిషాల్లో కొంటా కాబట్టి పెద్ద తేడా రాదు. మీరు లెస్టర్‌లో కూర్చుని చెప్తే ఎలా. ముప్పై ఏళ్లుగా ఆ బోర్డు చూస్తున్నా.

సత్యం_వైజాగ్

ఇంగ్లండు సరే. మలక్‌పేటలో ఏడైతే?

ఎల్బీనగర్_చిన్నా

రేసు బుక్‌లో రాసి ఉంటది అన్నా, కొనుక్కో.

లెక్కల_పుల్లయ్య

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. 2017 జూలై నుంచి రేసు పందెం మీద జీఎస్టీ 28 శాతం. క్లబ్బు కమీషన్ మీద కాదు, పందెం మొత్తం మీద. కమీషన్ మీదే వేయాలని క్లబ్బులు కోర్టులకెక్కాయి, చివరికి చట్టమే మార్చి 2023 అక్టోబర్ నుంచి పందెం మొత్తం మీదే అని గట్టిగా రాశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 అయింది. టికెట్ మీద అదనంగా తీసుకున్నా, లోపల కలిపేసినా పోయేది ఆడేవాడి డబ్బే. రఘు గారి దేశంలో పందెం కాసేవాడి మీద పందెం పన్ను 2001లోనే ఎత్తేశారు. అక్కడే మిగలడం కష్టమంటే ఇక్కడ మూడు వందల సార్లు బోర్డు వైపు చూసి మిగిలిస్తారా?

గెలుపు మీద ఆదాయపన్ను 30 శాతం. 41 పందేలు పోయాయి కదా, వాటిని అందులోంచి తీసేయనివ్వరు. చిన్న మొత్తాలకి కౌంటర్లో కోసుకోరు కాబట్టి ఎవరికీ గుర్తుండదు, అంతే.

మూర్తి_మలక్‌పేట

పన్ను ప్రభుత్వం తప్పు, పద్ధతి తప్పు కాదు. సుప్రీంకోర్టే 1996లో మద్రాసు కేసులో గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట, జూదం కాదు అని చెప్పింది. సుప్రీంకోర్టు కంటే మీరు పెద్దవాళ్లా? 604 అని వెటకారం చేస్తున్నారు, నేను 200 కాకుండా 2,000 చొప్పున పెట్టి ఉంటే 6,040. అప్పుడేమంటారు?

లెక్కల_పుల్లయ్య

నైపుణ్యం అంది కోర్టు, లాభం అనలేదు. క్యారమ్స్ కూడా నైపుణ్యమే.

2,000 మాట బాగా అడిగారు. ఒక ఊహాలెక్క వేద్దాం. కోతలు పోగా ప్లేసు పూల్‌లో 60,000 ఉందనుకోండి. మూడు ప్లేసులకి తలా 20,000. మీ గుర్రం మీద పడింది 12,000. పదికి 16.60 దాకా వస్తుంది. ఇప్పుడు మీ 2,000 అందులో వేయండి, కోత అయిదో వంతే అనుకుందాం, పాపం. పూల్ 61,600 అవుతుంది, ఒక్కో భాగం 20,500 చిల్లర, మీ గుర్రం మీద 14,000. డివిడెండ్ 14.60కి దిగింది. ఎవరు దించారు? మీరే. మీకు వచ్చే 63 శాతానికి 14.60 అంటే పదికి 9.30 కూడా తిరిగి రాదు. చెరువులో రాయి వేస్తే అలలొస్తాయి సార్, ప్లేసు పూల్ చెరువు కూడా కాదు, కుంట.

లెస్టర్_రఘు

ఇది మాత్రం కరెక్టు.

మూర్తి_మలక్‌పేట

ఊహాలెక్కలు వేసుకుంటూ కూర్చుంటే గుర్రం పరిగెత్తదు. మీరెప్పుడైనా పొద్దున్నే వెళ్లి ట్రాక్ వర్క్, అంటే గుర్రాల ప్రాక్టీసు, చూశారా? గుర్రం చెమట పట్టిందా, ప్యాడక్‌లో (రేసుకి ముందు గుర్రాల్ని తిప్పే చోటు) తల ఎగరేస్తోందా, ఏ జాకీని పెట్టారు, ఇవన్నీ మీ కాలిక్యులేటర్లో ఉంటాయా? గోదాట్లో దిగనివాడు ఈత గురించి పాఠాలు చెప్పినట్టుంది.

లెక్కల_పుల్లయ్య

దిగినవాళ్లని చూశాను. మా పెద్దక్క భర్త.

ఆయన జాక్‌పాట్‌తో మొదలెట్టలేదు. ప్లేసుతోనే. స్టాండులో ఒక పెద్దమనిషి పరిచయమయ్యాడు, మీలాగే నోట్‌బుక్, మీలాగే రోజుకి మూడు పందేలు. మా బావకి పదిలో ఏడు వచ్చేవి. గెలిచిన ప్రతి రోజూ మిఠాయి పొట్లం తెచ్చేవాడు, అక్క కూడా మురిసిపోయేది, మా ఆయనకి లెక్క తెలుసు అని. ఏడాదిన్నర అలా గడిచింది. తర్వాత ఒక నెల వరసగా రాలేదు. అప్పుడు 200 కాస్తా 2,000 అయింది, తర్వాత క్లబ్బు బయట బుకీ అప్పు ఇచ్చాడు, వనస్థలిపురంలో 150 గజాల ప్లాటు పోయింది. ఆ నోట్‌బుక్ పెద్దమనిషి మాత్రం రోజుకి మూడే ఆడుకుంటూ క్షేమంగా ఉన్నాడు. చెప్పిన పద్ధతి ఆయనది, మునిగింది మా బావ.

మూర్తి_మలక్‌పేట

అంటే ఏమిటి మీ ఉద్దేశం? మీ బావగారి ప్లాటు నేను అమ్మించానా? నియమం తప్పింది ఆయన, నింద పద్ధతికా? కారు గుద్దుకున్నాడని డ్రైవింగ్ నేర్పినవాడిని కొడతారా? మర్యాదగా మాట్లాడండి.

ఎల్బీనగర్_చిన్నా

పెద్దోళ్లు ఇద్దరూ కొంచెం చల్లబడండి.

వాసవి_కె

నేను రేసులు ఆడను, చదువుతూ వచ్చా. మూర్తి గారూ, ఒక్కటి అడగొచ్చా. 112 అన్నారు. ఆ రెండు సీజన్లలో మీరు కొన్న టికెట్లన్నీ ఆ 112లోనే ఉన్నాయా?

మూర్తి_మలక్‌పేట

ప్లేసువి అన్నీ ఉన్నాయి.

వాసవి_కె

ప్లేసు కానివి?

మూర్తి_మలక్‌పేట

అవి సరదాకి. గాంధీ జయంతి నాడు డెక్కన్ డెర్బీ ఉంటుంది, ఆ రోజు అందరూ కలిసి జాక్‌పాట్ వేస్తారు, నేనొక్కడినే ముక్కు మూసుకుని కూర్చోలేను కదా (ఆ రోజు ఊళ్లో మందు దొరకదు, పందెం మాత్రం దొరుకుతుంది, మన దేశం). అప్పుడప్పుడు టనాలా (మొదటి మూడు గుర్రాల్నీ వరస క్రమంలో చెప్పే పందెం). వాటిని పద్ధతి లెక్కలో కలపడం న్యాయం కాదు.

లెక్కల_పుల్లయ్య

దొరికింది.

మూర్తి గారూ, కోపం కాదు, నిజంగా అడుగుతున్నా. ఏడాదికి 604 కోసం ఎవరూ అన్ని ఆదివారాలు వెళ్లరు. ఎందుకు వెళ్తారు మీరు?

మూర్తి_మలక్‌పేట

సరే చెప్తా. ముప్పై ఒక్కేళ్లు ఆఫీసులో ఫైళ్ల మీద నోట్ రాశాను. నేను రాసింది సరైనదో కాదో తేలడానికి ఏళ్లు పట్టేది, తేలేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉండేవారు. ఇక్కడ నేననుకున్నది నిజమో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది. నలుగురు వచ్చి సార్ మూడో రేసులో ఏది అంటారు. ఇంట్లో టీవీ రిమోట్ కూడా నా చేతికివ్వరు. డబ్బు కోసం వెళ్తానని నేనెప్పుడన్నాను?

లెక్కల_పుల్లయ్య

మొదటి పోస్టులో అన్నారు, మిగులుతుంది అని. నా గొడవంతా ఆ మాటతోనే, ఇందాకటి నుంచీ లెక్కల్లో పడి నాకే సరిగ్గా తెలియలేదు. మీరు వెళ్లండి, 200 పెట్టుకోండి, సినిమాకి పెట్టినట్టే అది. ఖర్చు అనండి. సంపాదన అన్నారో, కింద చిన్నా లాంటివాడు దండం పెట్టి ఆదివారం ఏది అని అడుగుతాడు. అతనికి మీ నోట్‌బుక్ కనిపిస్తుంది, పక్క పేజీలో జాక్‌పాట్ కనపడదు. మీకు ఆగడం వచ్చు. ఆగడం వచ్చినవాడు రానివాడికి చెప్తున్నాడు, మా బావకి జరిగింది అదే.

ఎల్బీనగర్_చిన్నా

నన్నెందుకు లాగుతారు అన్నా మధ్యలో. నేను ఊరికే అడిగిన.

మూర్తి_మలక్‌పేట

రాత్రి కూర్చుని పక్క పేజీల లెక్క కూడా వేశాను. జాక్‌పాట్, టనాలా అన్నీ కలిపి పెట్టింది 31,400. వచ్చింది 12,650. ప్లేసులో మిగిలిన 604 తీసేస్తే మొత్తం మీద 18,146 పోయింది. గేటు, పెట్రోలు కాకుండా. ఇంత ఉంటుందనుకోలేదు.

మొదటి పోస్టులో "మిగులుతుంది" అన్న వాక్యం తీసేస్తున్నా. పద్ధతి మాత్రం ఉంచుతా. అందులో తప్పు లేదు.

లెక్కల_పుల్లయ్య

ఆ 31,400 కూడా పైన రాయండి, పద్ధతి పక్కనే. అప్పుడు ఉంచుకోండి.

మూర్తి_మలక్‌పేట

చూస్తా.

సత్యం_వైజాగ్

రేసు బుక్ ఇక్కడ వైజాగ్‌లో దొరకదు. ఎవరైనా ఏడు గుర్రాల సంగతి చెప్తారా?