పెద్ద కంపెనీ లేకుండా గిలియన్ వెల్చ్ ఎలా నెగ్గుకొచ్చారు?

ప్రశ్న: మా గిటారు మాస్టారు అమెరికన్ జానపద గాయని గిలియన్ వెల్చ్ పాటలు వినమన్నారు. చాలా పాటల్లో రెండు గిటార్లు, రెండు గొంతులు, అంతే. నాలుగు రోజులుగా నాకు మరో పాట చెవికెక్కడం లేదు. ఇంత నింపాది పాటలతో, పెద్ద సంస్థ అండ లేకుండా ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారు?

జవాబు: మొదట్లో అండ ఉంది. 1996లో తొలి ఆల్బమ్ ఆల్మో సౌండ్స్ అనే రికార్డు కంపెనీ నుంచి వచ్చింది. తర్వాత ఆమె, ఆమెతో కలిసి పాడి గిటారు వాయించే డేవిడ్ రాలింగ్స్ కలిసి ఎకోనీ రికార్డ్స్ అనే సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టుకున్నారు. 2001 నాటి ‘టైమ్ (ద రివెలేటర్)’ ఆల్బమ్ దాని నుంచే వచ్చింది. నాష్‌విల్‌లో స్టూడియో కూడా కొనుక్కున్నారు. అంటే పాట, టేపు, హక్కు అన్నీ వారివే.

మరో జవాబు: తొందరపడకపోవడం కూడా చూడండి. 2003 తర్వాత ఆమె పేరుతో వచ్చిన తర్వాతి ఆల్బమ్ 2011లో! మన దగ్గరైతే ఈలోపు మరిచిపోయేవాళ్లం. 2020 మార్చిలో సుడిగాలి ఆ స్టూడియో పైకప్పు లేపేస్తే, ఇద్దరూ చీకట్లో వానలో టేపులు మోసుకొచ్చి కాపాడుకున్నారు. ఆ ఏడాదే ఇంట్లో రికార్డు చేసిన పాత పాటల ఆల్బమ్‌కు 2021లో గ్రామీ వచ్చింది. 2024 ఆల్బమ్‌కు ఆ స్టూడియో పేరే పెట్టారు: ‘వుడ్‌ల్యాండ్’.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఆమె పుట్టింది న్యూయార్క్‌లో, పెరిగింది లాస్ ఏంజెలెస్‌లో అని ఇప్పుడే చదివాను. నేనేమో ఇలాంటి జానపద పాటలకు పుట్టిల్లైన అపలాచియన్ కొండల్లో పుట్టారనుకున్నాను! రాలింగ్స్ వాయించేది 1935 నాటి ఎపిఫోన్ గిటారట. మాస్టారికి చెబితే నా గిటారు వైపు జాలిగా చూశారు.