రాజభక్తుల కరపత్రాలు సమర్థించింది రాజునా, చట్టాన్నా?

ప్రశ్న:
ఫ్రెంచి విప్లవకాలపు ఇంగ్లండు గురించి చదువుతున్నాను. వంశపారంపర్య రాజరికాన్ని తోసిపుచ్చిన రచయిత థామస్ పెయిన్ వాదం సులువుగానే బోధపడింది గాని, ఆయనను ఖండిస్తూ 1792 చివరి నుంచి వెల్లువెత్తిన రాజభక్తుల కరపత్రాలే అంతుపట్టడం లేదు. ఎక్కడ చూసినా చట్టం, రాజ్యాంగం అన్న మాటలే. లిఖిత రాజ్యాంగమే లేని దేశంలో వారు దేనిని కాపాడుతున్నామనుకున్నారు? ప్రభుత్వం సొమ్ము తిని రాసిన రాతలని కొట్టిపారేయవచ్చునా?

మొదటి సమాధానం:
కొట్టిపారేయకండి. రాజ్యాంగం అనగానే మనకు 1950లో అమలుకు వచ్చిన గ్రంథం కళ్లముందు నిలుస్తుంది. వారికి మాత్రం అది రాజు, ప్రభువుల సభ, కామన్స్ సభ ఒకరినొకరు అదుపులో ఉంచుకునే ఏర్పాటు. జ్యూరీ విచారణ, హేబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని న్యాయమూర్తి ఎదుట హాజరుపరచి తీరాలనే నియమం), 1689 నాటి హక్కుల చట్టం కూడా అందులో భాగంగా తాతముత్తాతల నుంచి సంక్రమించిన ఆస్తి. రాజు సైతం చట్టానికి లోబడినవాడే అన్నది వారి వాదానికి ఆయువుపట్టు. అందుకే ఇంగ్లండుకు అసలు రాజ్యాంగమే లేదని పెయిన్ అన్నప్పుడు వారికి అంత కోపం వచ్చింది. 1792 నవంబరు 20న లండన్‌లోని క్రౌన్ అండ్ యాంకర్ పానశాలలో జాన్ రీవ్స్ అనే న్యాయవాది స్థాపించిన సంఘం, స్వేచ్ఛను, ఆస్తిని పరిరక్షిస్తామని తన పేరులోనే చెప్పుకుంది. దానికి ప్రభుత్వ ప్రోత్సాహం లేకపోలేదు. అయితే కొద్ది నెలల్లోనే ఊరూరా అటువంటి సంఘాలు వెలిశాయంటే, అది కేవలం డబ్బుతో అయ్యే పని కాదని నా నమ్మకం.

రెండవ సమాధానం:
ఆ వాదాన్ని సామాన్యుడి చెవిన ఎలా వేశారో చూడాలంటే రచయిత్రి హన్నా మోర్ కరపత్రం 'విలేజ్ పాలిటిక్స్' చదవండి. విల్ చిప్ అనే పల్లెటూరి వడ్రంగి పేరు పెట్టుకుని ఆమె రాసిన సంభాషణ అది. పెయిన్ పుస్తకం చదివి మనసు పాడుచేసుకున్న తాపీమేస్త్రీ టామ్‌కు కమ్మరి జాక్ తమ ఊరి దొరగారి కోట సంగతి చెబుతాడు. కోటను పడగొట్టి ఫ్రెంచి పద్ధతిలో మళ్లీ కట్టిద్దామని దొరసాని పట్టుబడితే, ఒకటి రెండు చీకటి గదులున్నాయని ఇంత గట్టి కోటను కూలగొట్టుకుంటామా అని దొర ఒప్పుకోడు. ఫ్రెంచి విప్లవాన్ని ఖండిస్తూ 1790లో పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ ఒక పెద్ద గ్రంథంలో వాదించినదంతా ఇక్కడ కొలిమి దగ్గర చెప్పుకునే కబురుగా మారింది.

మూడవ సమాధానం:
ఆ చీకటి గదుల్లో ఎవరు మగ్గారో కూడా చెప్పుకోవాలి. అప్పటికే ఫ్రాన్సుకు వెళ్లిపోయిన పెయిన్‌ను 1792 డిసెంబరులో ఆయన పరోక్షంలోనే విచారించి దోషిగా తేల్చారు. 1794లో హేబియస్ కార్పస్‌నే నిలిపివేశారు. 1795లో బహిరంగ సభలకు సంకెళ్లు వేస్తూ చట్టం చేశారు. చట్టాన్ని అంతగా కొనియాడినవారు అప్పుడు ఎదురుతిరగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా 1794లో రాజద్రోహ నేరం మోపబడిన సంస్కరణవాది థామస్ హార్డీని నిర్దోషిగా విడిచిపెట్టింది, వారు పొగిడిన జ్యూరీయే.

ఇక మొదటి సమాధానంలో పేర్కొన్న రీవ్స్ సంగతి. రాజరికం చెట్టు మొదలు వంటిదని, పార్లమెంటు సభలు కొమ్మలని, కొమ్మలు నరికినా మొదలు నిలుస్తుందని 1795లో ఆయన ఒక కరపత్రం రాశాడు. కామన్స్ సభ భగ్గుమని, తన అధికారాలనే అవమానించాడంటూ ఆయనపైనే కేసు పెట్టించింది. ఆ రాత అనుచితమంటూనే 1796లో జ్యూరీ ఆయనను కూడా నిర్దోషిగా వదిలిపెట్టింది.