అప్‌డేట్: బ్యాటరీ మార్చాక పనిచేయని రిమోట్ కీ

గుర్తుందా, కారు బ్యాటరీ కొత్తది వేయించిన రోజు నుంచీ రిమోట్‌తో డోర్లు తెరుచుకోవడం లేదని అడిగాను. కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే మాత్రం బండి స్టార్టయ్యేది. షాపతను కీ మళ్లీ ప్రోగ్రామ్ చేయించాలన్నాడు. ఖర్చు తలుచుకుని నాకు టెన్షన్.

మీలో ఒకరు "ముందు స్పేర్ కీ పెట్టి చూడండి" అన్నారు. బీరువాలోంచి తీసి నొక్కితే డోర్లు టక్కున తెరుచుకున్నాయి! అంటే కారులో తేడా లేదు, నా కీలోనే ఉంది. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదో.

కీ విప్పి, లోపలి సీఆర్2032 బిళ్లను (నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ) మల్టీమీటర్‌తో చూస్తే 2.4 వోల్టులే. కొత్తదైతే 3 పైనే చూపించాలి. బటన్‌కి ఆనిస్తే స్టార్టవడానికి కారణమూ తెలిసింది: ఆ పనికి కీలోని చిప్ కరెంటు కారు నుంచే తీసుకుంటుంది, బిళ్లతో పని లేదు.

కొత్త బిళ్ల వేశాను. అయినా ఉలుకూ పలుకూ లేదు! టార్చి వేసి చూస్తే, స్క్రూడ్రైవర్‌తో నేను పాత బిళ్లను తీసేటప్పుడు, బిళ్లను తాకే సన్నటి రేకు అణిగిపోయింది. పిన్నీసుతో కాస్త పైకెత్తా, అంతే. ఇప్పుడు పది రోజులుగా చక్కగా పనిచేస్తోంది.

కారు బ్యాటరీ మార్చడానికీ దీనికీ సంబంధమే లేదు, కాకతాళీయం. పాపం, షాపతన్ని అనవసరంగా తిట్టుకున్నాను.