కరెంటు పోయే ఎండాకాలంలో ఇన్సులిన్ సీసా ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న (ఉదయగిరి నుంచి):
మా అమ్మకు 62 ఏళ్లు. నాలుగేళ్లుగా రెండు పూటలా తిండికి ముందు 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30 వంతులు, నిదానంగా పనిచేసేది 70 వంతులు కలిపిన మందు) వేసుకుంటోంది. రోహిణి కార్తె వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నం మూడేసి గంటలు కరెంటు ఉండటం లేదు. మందు చెడిపోతుందన్న భయంతో సీసాను ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు ఆనించి పెడుతున్నాను. పరగడుపున 130 ఉండే షుగర్ రెండు వారాలుగా 240 దాటుతోంది. అన్నం తగ్గించినా మార్పు లేదు. మోతాదు పెంచవచ్చా?

జవాబు (కావలి నుంచి):
దయచేసి మోతాదు పెంచకండి, ముందు ఆ సీసాను పక్కన పెట్టండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తర్వాత చూపుకు మామూలుగా ఉన్నా నమ్మదగినది కాదు. 30/70 మందు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లిస్తే పాలలా ఒకే తెలుపుగా కలవాలి. పలుకులు తేలినా, గాజుకు పొర అంటినా వాడకూడదు. మూత తెరవని సీసాలను ఫ్రీజర్‌కు దూరంగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసాకు ఫ్రిజ్ తప్పనిసరి కాదు, 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే సుమారు నాలుగు వారాలు పనికొస్తుంది. మా నాయనకు మేము పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత దించి, సీసాను మూతగల డబ్బాలో పెట్టి ముంతలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పుతాం. సముద్రపు తేమ వల్ల మా కావలిలో కుండ అంతగా చల్లబడదు గానీ, మీ మెట్ట ప్రాంతపు పొడి ఎండకు ఇంకా బాగా చల్లబడుతుంది.

జవాబు (ఒంగోలు నుంచి):
సిరంజి కూడా చూడండి. సీసా మీద 40 అని (అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు) ఉంటే ఎర్ర మూత ఉన్న 40 సిరంజే వాడాలి. మా అత్తగారికి ఒకసారి షాపులో నారింజ మూత ఉన్న 100 సిరంజి ఇచ్చారు. 20 గీత దాకా లాగినా లోపలికి వెళ్లింది 8 యూనిట్లే అని వారం తర్వాత తెలిసింది. రోజూ ఒకే చోట వేస్తున్నారేమో పొట్ట తడిమి కూడా చూడండి, అక్కడ గడ్డ కడితే మందు సరిగా ఒంటికి పట్టదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సిరంజి సరైనదే. సీసాను వెలుతురులో పట్టి చూస్తే అడుగున తెల్లటి పలుకులు కనిపించాయి. బొడ్డుకు ఎడమవైపు నిమ్మకాయంత మెత్తటి గడ్డ కూడా ఉంది. "అక్కడ గుచ్చితే నొప్పి తెలియదు కదరా, అందుకే అక్కడే వేసుకుంటున్నా" అంది అమ్మ. ఇన్నాళ్లూ పక్కనే ఉండి నేను గమనించలేదన్న బాధ నన్ను వదలడం లేదు. నిన్న డాక్టరుగారికి చూపించాం. కొత్త చోట మందు బాగా పట్టి షుగర్ పడిపోవచ్చని మోతాదు కొంత తగ్గించారు. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడమన్నారు. రాత్రి కొత్త సీసా తెరిచి కుడివైపు వేశాం. ఈ ఉదయం పరగడుపున 168 వచ్చింది. కుండ తెచ్చాను, ఇసుక సాయంత్రం వాగు నుంచి తెస్తాను.