బల్బు కనబడని చెక్క దీపం ఎవరు చేశారు?

కావలి నుంచి: మేం తండ్రీకొడుకులం వడ్రంగి పని చేస్తాం. కొత్తిల్లు కడుతున్న ఒకాయన ఫోన్లో ఫోటో చూపించి ఇలాంటి దీపం కావాలన్నారు. పైనుంచి వేలాడుతోంది, చుట్టూ సన్నటి చెక్క పట్టీలు, ఎటు చూసినా బల్బు కనబడదు. బార్సిలోనాదట. నమూనా ఒకటి చేశాను గానీ మూడో రోజుకే లోపలి పట్టీ వంకర తిరిగింది. దీని సంగతి తెలిసినవాళ్ళు చెప్పండన్నా.

ఒంగోలు నుంచి: అది దిసా దీపం తమ్ముడూ, 1957లో జోసెప్ ఆంటోని కొదెర్క్ చేశాడు. ఆయన ఆర్కిటెక్ట్. బార్సిలోనాలో సముద్రం ఒడ్డునున్న బార్సెలొనేటా పేటలో ఆయన కట్టిన ఫ్లాట్ల కిటికీలకు కూడా ఇట్లాంటి చెక్క పలకలే ఉంటాయి, ఎండ నేరుగా పడదు, గాలి మాత్రం ఆడుతుంది. మన పాత ఇళ్ళ రెక్కల కిటికీలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కిటికీలో ఎండకి చేసిందే దీపంలో బల్బుకి చేశాడని నాకనిపిస్తుంది. ఇక పట్టీ వంకర తిరగడం బల్బు వేడి వల్లేమో, నువ్వు పెట్టింది పాత రకం ఫిలమెంట్ బల్బా?

నెల్లూరు నుంచి: మిగెల్ మిలా పని కూడా చూడు, నాకైతే ఆయనే ఎక్కువ ఇష్టం. వాళ్ళ అత్త అడిగిందని మొదలుపెట్టిన దీపాన్నే మెరుగుచేసుకుంటూ పోయి, 1961లో టీఎంఎం అనే చెక్క దీపం దాకా వచ్చాడు. నిలువు కర్ర ఒకటి, దాని మీద పైకీ కిందకీ జరిగే షేడ్, అంతే. చదువుకోవాలంటే కిందకి దించుకోవచ్చు, నలుగురు కూర్చుంటే పైకి లేపొచ్చు. ఆయన 2024లో పోయారు. కుర్చీల్లో అయితే బార్సిలోనాలో పుట్టిన ఆంటోని బొనెట్, ఇంకో ఇద్దరితో కలిసి 1938లో బ్యూనస్ ఐరిస్‌లో చేసిన బీకేఎఫ్ చూడు, వంచిన ఇనుప కడ్డీల ఫ్రేముకి నాలుగు మూలలా తోలు తగిలిస్తే ఉయ్యాల్లాగా ఒళ్ళు పట్టేస్తుంది.

కావలి నుంచి: అవునన్నా, వంద వాట్ల పాత బల్బే పెట్టాను, పట్టీకి బల్బుకి మధ్య వేలు కూడా దూరదు. ఈసారి పసుపు వెలుగిచ్చే ఎల్ఈడీ పెట్టి, జానెడు ఖాళీ వదుల్తా. పట్టీలకి టేకు మానేసి, ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళు వాడే నర్ది చెక్క దొరుకుతుందేమో అడుగుతా, అది అంత సన్నగా కోసినా పగలదంటాడు నాన్న. అయ్యాక ఫోటో పెడతా.